ఖాళీ మందసానికి దీపం

విరుదునగరులో మా బావగారి వీధిలోని పప్పు మిల్లుకు పోయివచ్చే మా ఎదురింటి క్రైస్తవురాలే ఆ వార్త నాకు మొదట తెచ్చింది. కోవిల్‌పట్టిలో బస్సు దిగి, తన ఇంటికైనా పోకుండా మా గడపలో నిలబడింది.

"అక్కా, మీ బావగారు మందసాన్ని వాసల్లో, గుమ్మం బయట పెట్టేసినారు. పాత సామాన్ల బండి వొస్తే ఇచ్చేస్తారంట."

ఆమె చదివే తెలుగు బైబిల్లోనూ మందసమనే మాట ఉంది. అందుకే దాన్ని పెట్టె అనలేదు. ఆమెకు నా దండాలు.

మందసం అంటే మా ఇంటి దేవత ఉండే కొయ్యపెట్టె. ఇంట్లో కూర్చోబెట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించిన అత్తగారే ఆ మాటనూ నేర్పింది. కొత్త కోడలు తొలి బియ్యం దాని మూత మీద పోయాలి. ఎవరు ఒట్టు పెట్టుకున్నా చేయి దాని మీదే. ఏటా శివరాత్రికి ముందు అత్తగారు లోపలి చీర, గాజులు, చిన్న కత్తి తీసి ఎండలో పెట్టేది. ఆ రోజు ఖాళీ మందసానికే దీపం.

"ఆమె ఉండేది కొయ్యలోనే. తక్కినవి ఆమె సొమ్ములు," అనేది.

అత్తగారు పోయాక, పెద్దకొడుకునని బావగారు దాన్ని తీసుకుపోయారు. ఇప్పుడు సొమ్ములను స్టీలు పెట్టెలోకి మార్చి, దేవతను గుమ్మం బయట పెట్టారు.

మరునాడు పొద్దున్నే వెళ్లాను. బావగారు కుర్చీలోంచి లేవలేదు.

"చెదలు పట్టిన కట్టె కోసరం బస్సెక్కినావా?"

"నాకియ్యండి బావా. నేను పెట్టుకుంటాను."

"మొగుడు లేడు, బిడ్డ లేదు. నీ తరవాత దానికి దీపం పెట్టేదెవరు, మీ ఇంటి గోడ మీది బల్లా?"

"నా తరవాత సంగతి ఆమె చూసుకుంటాది. మీరు బతికుండగానే వాసల్లో పెట్టినారే."

ఆయన ముఖం నల్లబడింది. "ఎత్తుకుపో. ఆడది దాన్ని మోయకూడదని తెలుసు గదా. మోస్తే ఈ ఇంటి శివరాత్రికి మళ్లా రాబోకు."

కొంగు నడుముకు దోపి వంగాను. ఒక్కదాన్ని లేపలేకపోయాను. ఆయన చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఆయన భార్య, పెళ్లయిన నాటినుంచి ఆయన మాటకు ఎదురాడని మా తోడికోడలక్క, వంటింట్లోంచి వచ్చి రెండో కొస పట్టుకుంది.

"నీకేమే వొచ్చింది?"

"బరువుగా ఉండాది," అంది అక్క.

ఆటో దాకా ఇద్దరమే మోశాం.

మందసం ఇప్పుడు మా ఇంట్లో ఖాళీగానే ఉంది, దీపం వెలుగుతోంది. శివరాత్రికి నన్ను పిలవలేదు. ఆయన్ను క్షమించేంత మనసు నాకింకా రాలేదు. అక్క ఫోను ఆయన లాక్కున్నారట, ఆమెను పూజగదిలోకీ రానివ్వడం లేదట. ఆమె పేరు రాస్తే ఇంకా కష్టపెడతారు. మీరు దేవుడి ముందు నిలబడినప్పుడు, పేరు తెలియకపోయినా సరే, ఆ ఇల్లాలిని ఒక్కసారి తలుచుకోండి.