వదిన పద్యంలో నేను దిద్దిన మాట

మా వదిన పోయిందన్న కబురు బడికి వచ్చింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. ప్యూను గుమ్మంలో నిలబడి, "దీదీ, హాస్పిటల్ నుంచి మీ అన్నగారు ఫోన్ చేసినారు" అని ఆగిపోయాడు. మిగతా మాట అతను చెప్పనక్కర్లేకపోయింది. మూడు వారాలుగా ఆవిడ రైల్వే ఆసుపత్రిలో గుండె జబ్బుతో ఉంది. సుద్దముక్క పెట్టెలో పడేసి, పిల్లల్ని పక్క గదికి పంపించి బయల్దేరాను.

మధ్యాహ్నానికల్లా ట్రాఫిక్ కాలనీలో అన్నయ్య రైల్వే క్వార్టరు ముందు జనం నిండిపోయారు. వర్క్‌షాపులో అన్నయ్యతో పనిచేసే ఫిట్టర్లు, వీధి కుళాయి దగ్గరి ఆడవాళ్ళు, మన కూటమి కవులు. సుభాష్‌పల్లి నుంచి ఐదుగురు బెంగాలీ కవులు రజనీగంధ దండలు పట్టుకుని వచ్చారు. అందులో ఒకాయన గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను వాళ్ళని లెక్కపెట్టాను. రేపు నేను పోతే వీళ్ళలో ఎంతమంది వస్తారో కూడా అంచనా వేసుకున్నాను. అప్పటికింకా వదిన్ని ఇంట్లోంచి బయటికి తేలేదు.

పాఠకులు మన్నించాలి. ఈ సంచికకి స్మృతి రాయమని నన్ను అడిగినవాళ్ళు, నేను ఆవిడ ఆడపడుచుననీ తెలుగు టీచర్ననీ అడిగారు. పన్నెండేళ్ళపాటు ఆవిడని చూసి కుళ్ళుకున్నదాన్నని వాళ్ళకి తెలీదు. ఆవిడ మంచితనం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది నేను చెబుతాను.

వదిన మా ఇంట్లో అడుగుపెట్టేనాటికి నేను బి.ఏ. చదువుతున్నాను. ఆవిడది నాగావళి ఒడ్డున చిన్న పల్లె. చదువు ఏడో తరగతి దాకా సాగింది. నేను పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. ఇంట్లో అమ్మా నాన్నా అన్నయ్యా అందరూ శ్రీకాకుళం మాటే మాట్లాడేవారు. నేను మాత్రం పుస్తకాల్లో తెలుగు నేర్చుకుని అదే మాట్లాడేదాన్ని. బెంగాల్లో ఉండి ఇంత చక్కటి తెలుగా అని ఎవరైనా అంటే ఆ మాట వారం రోజులు తలుచుకుని మురిసిపోయేదాన్ని.

వదిన పద్యాలు కడుతుందని మొదట్లో మాకెవరికీ తెలీదు. బియ్యం కడిగేటప్పుడు ఏదో గొణుక్కునేది. మాట కుదిరేదాకా నీళ్ళు మార్చి మార్చి కడుగుతూనే ఉండేది.

"బియ్యం కడగతన్నావా, నా పనిబట్టలు ఉతకతన్నావా?" అనేవాడు అన్నయ్య.

ఆవిడ నవ్వి ఎసట్లో పోసేది. రాసి పెట్టుకోవచ్చు కదా అని నేనంటే, "నాదైతే గురుతుంటాది. మర్సిపోతే అది నాది కాదు" అనేది. తరవాత రోజుల్లో ఓ నోటు పుస్తకం పెట్టుకుంది. అందులో లకీ ళకీ తేడా ఉండేది కాదు. ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "అచ్చరాలు సూడు పంతులమ్మా" అనేది. పెళ్ళయి నేను తాల్‌బగీచాకి మారాక కూడా, చూపించడానికి అక్కడిదాకా నడిచి వచ్చేది.

మన కూటమి సంగతి మీకు తెలిసిందే అయినా కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. నెలకో ఆదివారం మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో చర్చి పక్కనున్న గదిలో కలుస్తాం. అధ్యక్షులు రిటైరైన రైల్వే గార్డు గారు. ఆ రోజుల్లో మేము కవిత రాసి ఆంధ్ర పత్రికలకి పంపితే చాలావరకు జవాబే వచ్చేది కాదు. వచ్చినా, ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళున్నారా అని ఆశ్చర్యపడుతూ వచ్చేది. ఇక్కడి బెంగాలీ సభలకి వెళ్దామంటే వాళ్ళకి మన భాష రాదు. ఆ గదిలో ఉన్న పదిహేను కుర్చీలే మాకు దిక్కు. మూడేళ్ళపాటు ఆ కుర్చీల్లో కూర్చున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. గార్డు గారు "ఇప్పుడు మన సోదరి చదువుతారు" అనగానే లేచి, కొంగు సర్దుకుని, వృత్తంలో పద్యం చదివేదాన్ని. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు ఆడదాన్నని మర్యాదకి కొడుతున్నారని నాకప్పుడు తోచలేదు.

వదిన్ని అక్కడికి తీసుకెళ్ళింది నేనే. నేనొక్కదాన్నీ పోవడం బాగాలేదని అమ్మ సణిగితే తోడు రమ్మన్నాను. ఆవిడ చిక్కుడుకాయల సంచీ తెచ్చుకుని వెనక వరసలో కూర్చుని ఈనెలు తీసుకుంటోంది. చివర్లో గార్డు గారు మర్యాదకి అడిగారు.

"మీరేమైనా వినిపిస్తారామ్మా?"

నేను నవ్వేశాను. వదిన చిక్కుడుకాయలు కింద పెట్టి లేచి నిలబడి, నాలుగు ముక్కలు చెప్పి, "అంతే" అని కూర్చుంది. ఆవిడ చెప్పింది ఇదీ:

ఏటికొచ్చినావే పిల్లా అన్నారు కుళాయికాడ.
ఏటికే వచ్చినాను అన్నాను.
బిందె సంకనెట్టుకోని నిలబడ్డాను.
ఏరు లేదు. ఇనప పట్టాలు పారతన్నాయి.

మా మాటలో ఏటికి అంటే ఎందుకు అని. ఏరు దగ్గరికి అన్నా ఏటికే. లోకో షెడ్డులో పనిచేసే పెద్దాయన ఒకరు తల దించుకున్నారు. గార్డు గారు కళ్ళద్దాలు తీసి, "ఇంకొక్కసారి చెప్పండమ్మా" అన్నారు.

మూడేళ్ళలో నన్నెవరూ ఇంకొక్కసారి అని అడగలేదు. ఆ ఆదివారం ఇంటికి వస్తూ దారంతా నేను దాని గురించే ఆలోచించాను. వదిన మాత్రం, "చిక్కుడుకాయలు ముదిరిపోనాయి" అంది.

ఆ తరవాత ప్రతి నెలా ఆవిడని కూడా పిలిచేవారు. నేను వెళ్ళలేని నెలల్లో కూడా ఆవిడ వెళ్ళేది. వాళ్ళు ఇంకొక్కసారి అని ఎన్నిసార్లు అడిగారో నేను అన్నయ్య ద్వారా తెలుసుకునేదాన్ని. నా పద్యాల్లో యతిప్రాసలు మరింత బిగించాను. గణం తప్పకుండా కంద పద్యాలు ఇరవై రాసి ఒకేసారి చదివాను. చప్పట్లు కొట్టారు. గార్డు గారు, "చాలా శ్రమపడ్డారమ్మా" అన్నారు.

ఆ ఏడు కూటమి మొదటి సంచిక వేద్దామనుకున్నారు. సైక్లోస్టైల్ మీద అరవై పేజీలు. సంపాదకత్వం నాకు ఇచ్చారు. వదిన కుళాయి పద్యం అందులో వేయాలని అందరూ అన్నారు. స్టెన్సిల్ కొట్టడానికి ఇచ్చేముందు నేను కలం తీసి, "ఎందుకు వచ్చావమ్మా అన్నారు కుళాయి వద్ద, నదికే వచ్చాను అన్నాను" అని మార్చాను. సంకనెట్టుకోని అన్నది చంకన పెట్టుకుని అయింది. పట్టాలు ప్రవహిస్తున్నాయి.

తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు. ఏటికి అన్న మాట పాత కావ్యాల్లో కూడా ఉందని నేనే క్లాసులో చెబుతాను. ఆ మాట తీసేస్తే పద్యంలో ఏమీ మిగలదని నాకు బాగా తెలుసు. తెలిసే తీశాను. పనయ్యాక చాలా తేలిగ్గా అనిపించింది.

సంచిక వచ్చిన రోజు వదిన వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ పేజీ వేలు పెట్టుకుని చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"బావుంది. నీదేటి పంతులమ్మా?" అని అడిగింది.

"అదేంటి వదినా, నీదే. కొంచెం భాష సరిచేశాను. అచ్చులో అలా ఉండకూడదు."

"అలగా" అంది. పేజీ మూసి, చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా సుభాష్‌పల్లి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి బెంగాలీ కవులు తమ సభకి మన ఊళ్ళో ఉన్న వేరే భాషల కవుల్ని పిలుస్తున్నారు. తెలుగు నుంచి ఒకర్ని పంపమన్నారు. ఆ రోజుల్లో మాకు అలాంటి పిలుపు అదే మొదలు. ఆదివారం అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. నేను పట్టు చీర కట్టుకుని వెళ్ళాను.

గార్డు గారు వదిన పేరు చెప్పారు.

"సంచికలో ఆవిడ పద్యం చూశారా? మామూలుగా ఉంది" అన్నాను నేను.

గార్డు గారు సంచిక తెరిచి చదివి, నావైపు చూశారు. "ఔనమ్మా, మామూలుగానే ఉంది. మేము విన్నది ఇది కాదు. ఏమైంది దీనికి?"

అందరూ నావైపు తిరిగారు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "వదినే మార్చమంది. అచ్చులో పల్లెమాట బాగుండదని తనే అడిగింది."

వదిన వెనక వరసలోనే ఉంది. ఇప్పుడు అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆవిడ కాదంటే నేను మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టలేను.

"అవును. నానే మార్సమన్నాను" అంది వదిన. "నాకేటి తెలుసు, సదువుకున్న పిల్ల కదా అని."

గార్డు గారు సంచిక మూసి, "అక్కడ మాత్రం మీ నోటికి వచ్చినట్టే చెప్పండమ్మా" అన్నారు. అలా వదిన వెళ్ళడం ఖాయమైంది.

నాకు ఆవిడ మీద కృతజ్ఞత కలిగి ఉండాలి. కలగలేదు. పద్యంలోనూ ఆవిడే గెలిచింది, పెద్దమనసులోనూ ఆవిడే గెలిచింది. నాకు ఏదీ మిగల్చలేదు కదా అని ఒళ్ళు మండింది.

సభకి నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని వెళ్ళాను. పక్క క్వార్టరులో ఉండే బెంగాలీ దీదీ ఆ పద్యాన్ని వాళ్ళ భాషలోకి మార్చి పెట్టింది. రెండో పాదం దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి దారి దొరకలేదు. వేదిక మీద వదిన పద్యం చెప్పింది. దీదీ తన అనువాదం చదువుతూ అక్కడ తడబడింది. వదిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, కూరల బజారులో నేర్చుకున్న బెంగాలీలో తనే చెప్పింది.

"ఆమాదేర్ భాషాయ్ కేనో ఆర్ నొదీతే, ఎకీ కొథా."

మా భాషలో ఎందుకు అన్నా నదికి అన్నా ఒకటే మాట అని. తరవాత వెనకనుంచి ఎవరో "ఆబార్ బోలున్" అన్నారు. ఇంకొక్కసారి. ఆ మాట నన్ను వెతుక్కుంటూ ఇంకో భాషలోకి కూడా వచ్చింది.

ఆ తరవాత పదేళ్ళూ వాళ్ళు ఆవిడని ఏటా పిలిచారు. ఆవిడ వల్లే మన కూటమి నుంచి మరో ఇద్దరు అక్కడ చదివారు. ఒకసారి నేనూ చదివాను. ఆవిడే నా పేరు చెప్పిందని తరవాత తెలిసి, ఆ సంతోషం కూడా సగం అయిపోయింది.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. బత్తాయి వలిచి పెడుతున్నాను. అడగాలని అనుకోలేదు, అడిగేశాను.

"వదినా, ఆ రోజు నేను అబద్ధం చెబితే నువ్వెందుకు ఔనన్నావు?"

ఏ రోజు అని ఆవిడ అడగలేదు. "నలుగురిలో నిన్ను దించీసి, ఇంటికొచ్చి మళ్ళీ నీ కాడే అచ్చరాలు దిద్దించుకోవాల కదా" అంది. తొన తిని గింజ చేతిలో ఊసింది. "కోపం రాలేదనుకోకు. వచ్చినాది. రెండేళ్ళు నీకు పుస్తకం సూపించనేదు. సూసుకున్నావు కాదేటి?"

చూసుకున్నాను. ఆ రెండేళ్ళూ ఆవిడకి పద్యాలు రావడం ఆగిపోయిందనుకుని లోలోపల సంబరపడ్డాను. అది చెప్పలేదు. పన్నెండేళ్ళుగా అడగాలనుకున్నది మాత్రం అడిగాను.

"నా పద్యాలు నీకెలా ఉంటాయి?"

"నీయి నాకు బోదపడవు పంతులమ్మా. సదివినప్పుడు మాత్రం మెడ నిట్టంగా ఎట్టి, బావుంటావు." కొంచెం ఆయాసం తీర్చుకుంది. "రాయడం మానీకు. ఆ గదిలో ఆడదానివి నువ్వు కూకున్నావనే నానూ నిలబడి సెప్పినాను. నేకపోతే నాకేటి దైర్యం?"

ఇంకొకరైతే ఆ చివరి మాట పట్టుకుని ఇంటికి వెళ్తారు. నేను మొదటి మాట పట్టుకుని వెళ్ళాను. బోధపడవట. తాల్‌బగీచా చేరేదాకా అదే నములుతూ నడిచాను. చివరి మాట నాకు అందేసరికి ఆవిడ లేదు.

ఆవిడని తలుచుకుంటే నాకు ఆసుపత్రి మంచం గుర్తు రాదు. సుభాష్‌పల్లి మొదటి సభ అయ్యాక నడిచి వస్తున్న సాయంత్రం గుర్తొస్తుంది. సభకి వచ్చిన బెంగాలీ ఆడవాళ్ళు నలుగురు మాట్లాడుకుంటూ ఆవిడ చుట్టూ నడుస్తున్నారు. నేను కావాలనే వెనకబడ్డాను. కొంత దూరం వెళ్ళాక ఆవిడ తిరిగి చూసి ఆగింది. నేను గాజుల కొట్టు ముందు నిలబడి గాజులు చూస్తున్నట్టు నటించాను. కొట్టతను "కీ నేబేన్ దీదీ" అని రెండుసార్లు అడిగాడు. నేనేమీ కొనలేదు, కదలనూ లేదు. కాసేపటికి తల ఎత్తి చూస్తే ఆ ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. వదిన ఒక్కతే రోడ్డు మధ్యలో ఉంది. వాళ్ళిచ్చిన పుస్తకం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఎండకి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని నావైపే చూస్తోంది. రిక్షాలు గంటలు కొట్టుకుంటూ, ఆవిణ్ణి తప్పించుకుని అటూ ఇటూ పోతున్నాయి.