పాడిరైతులంటే ఎవరు?

తొంభైల చివర్లో, పలమనేరు పల్లెల పాడిరైతులకు శిక్షణ పాఠాలు రాయమని మా ఆఫీసరు నన్ను పంపాడు. అక్కడ పాలు పితికేదీ, పొదుగువాపును ముందుగా పసిగట్టేదీ ఆడవాళ్లే. అందుకే వాళ్ల కొట్టాల్లో కూర్చుని, వాళ్ల మాటల్లోనే పాఠాలు రాశాను. "మమ్మల్ని గూడా పిలస్తారా మేడం?" అని వాళ్లడిగితే, మీకోసమే కదా అని మాటిచ్చాను.

తిరుపతిలో శిక్షణ మొదటిరోజు హాలు నిండా మగవాళ్లే. ఆ ఆడవాళ్ల మొగుళ్లు!

"ఆడవాళ్లేరి సార్?" అన్నాను.

"పాడిరైతుల్ని పిలిపించినాము గదమ్మా. వాళ్లు రైతుల పెండ్లాలు" అన్నాడు ఆఫీసరు.

ఒళ్లు మండింది. అయినా మొదలుపెట్టాను. "మీరు పాలు పితికే ముందు..."

"మేం యాడ పితుకుతాం మేడం! అది ఆడోళ్ల పని గదా" అన్నాడొకాయన. హాలంతా నవ్వింది. నా పాఠాలన్నీ చదివి భేషన్న ఆఫీసరు అందరికన్నా గట్టిగా నవ్వాడు.