కల్తాఫ్‌కు పట్టం కట్టబోయిన రోజు

లేపకోవా నవ్వితే మూతి ఎడమవైపుకు లాగుతుంది. ఆ ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు అది పుట్టుకతో వచ్చిందనుకుంటారు. ఆమే సరిచేస్తుంది: "పుట్టుకతో కాదే. కాపురంతో వచ్చింది."

పెళ్లికి ముందు ఆ దీవిలో ఆక్టోపస్ పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. సముద్రం వెనక్కి తగ్గి పగడపు దిబ్బ బయటపడగానే కర్ర పట్టుకుని దిగేది. బొరియ కెలికి, అది బయటికొచ్చి చేతికి చుట్టుకుంటుంటే చుట్టుకోనిచ్చి, తలకాయ దొరికాకే పట్టేది. తొందరపడి ఒక్కదాన్నీ పోగొట్టుకోలేదు. అలాంటి పిల్ల కోసం కల్తాఫ్ పందులూ, అల్లిన చాపలూ, పెండలం కుప్పా తెచ్చి ఆమె అన్న తరిసాల్ వాకిట్లో ఓలిగా పోశాడు. అంత ఓలి ఆ ఊళ్లో ఈమధ్య ఎవరికీ రాలేదని అందరూ అన్నారు. విని ఆమె కూడా మురిసిపోయింది. ఆ తరవాత కల్తాఫ్ చెయ్యి లేచినప్పుడల్లా అదే మాట ముందు లేచేది.

"ఊరికే వచ్చావనుకున్నావా? పందులిచ్చి తెచ్చుకున్నా నిన్ను."

ఒకరోజు ఆమె విలా పట్నం బజారులో పెండలం అమ్ముకుని ఆఖరి పడవలో వచ్చింది. ఒడ్డున దిగుతుంటే పడవవాడు ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. అది కల్తాఫ్ చూశాడు. ఇంటిదాకా ఆమె వెనకే నడిచాడు. పెండలం తవ్వే కర్ర తలుపు పక్కనే ఉంది. దాంతో దవడ మీద కొట్టాడు. ఎముక విరిగి పళ్లు ఊడాయి.

తరిసాల్ మనుషుల్ని వెంటబెట్టుకుని గొడవకే వచ్చాడు. ఊరిపెద్ద కలోరిబ్ మధ్యలో పడ్డాడు. ఆచారం ప్రకారం కల్తాఫ్ ఒక పందినీ, చాపల కట్టనూ బావమరిది కాళ్ల దగ్గర పెట్టి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇద్దరూ చేతులు కలిపి, మగవాళ్లు కూర్చునే నకమాల్ కొట్టంలో మత్తెక్కించే కావా వేరు రసం తాగారు. ఆ పందిని అక్కడే రాళ్ల పొయ్యిలో కాల్చి ఊరంతా తిన్నారు. లేపకోవా అన్న వంటింట్లో దవడకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. వాళ్లమ్మ పెదాల సందులోంచి కొబ్బరినీళ్లు పోస్తోంది. కాలిన మాంసం వాసన అక్కడిదాకా వచ్చింది.

దవడ అతుక్కుంది, వంకరగా. ఆమె మళ్లీ ఆ ఇంటికే పోయింది. పోతూ తల్లితో ఒక్క మాటే అంది: "నేనేం మర్చిపోయి వెళ్లట్లేదమ్మా."

కొన్నాళ్లకు విలా నుంచి ఆడవాళ్ల కేంద్రం తాలూకు ఒకామె ఊళ్ల వెంట తిరుగుతూ చర్చి పక్క షెడ్డులో చట్టం గురించి చెప్పింది. ఇంట్లో కొట్టడం నేరమనీ, ఓలి ఇచ్చానన్నది కోర్టులో సాకుగా చెల్లదనీ చెప్పింది. చాలామంది చాపలు అల్లుకుంటూ తలవంచుకునే విన్నారు. అందరూ లేచిపోయాక లేపకోవా దగ్గరికెళ్లింది.

"ఇల్లు వాడిది, నేల వాడిది. అయినా వాణ్ణే బయటికి పంపొచ్చా?"

"పంపొచ్చమ్మా. కోర్టు ఆర్డరిస్తే వాడు నీ దగ్గరికి రాకూడదు, ఆ ఇంటికీ రాకూడదు. ఇవాళే నాతో వచ్చేయ్."

"ఇప్పుడు కాదక్కా. పెండలం కోతలయ్యాక."

"ఎందుకూ?"

"అప్పుడు వాడికి పట్టం కడతారు. ఊరిపెద్ద కింద చిన్నపెద్ద."

కేంద్రం నుంచి వచ్చినామెకు అర్థమై కోపమొచ్చింది. "పిచ్చిగానీ పట్టిందా నీకు? ఈలోగా చంపేస్తే ఏం చేస్తావు?"

"చంపడు. పదవి చేతికొచ్చేదాకా మంచోడిలాగే ఉంటాడు. మొన్న నాకు నీళ్లు కూడా మోసిపెట్టాడు."

అది నిజమే. కల్తాఫ్ ఆ నెలల్లో కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు. లేపకోవా వండింది, ఉతికింది, పట్టానికి చాపలు కూడా అల్లింది. పట్టానికి వారం ముందు, బంధువులకు కబురు చెప్పొస్తానని విలా వెళ్లి కోర్టు మెట్లెక్కింది. వంకర దవడా, అక్కడి ఆస్పత్రిలో తీయించిన ఎక్స్‌రే చూసి ఆర్డరిచ్చారు. పోలీసులు ఎల్లుండే వస్తామన్నారు. ఆమె బతిమాలింది: "శనివారం రండి. ఇంకేమీ అడగను."

శనివారం నకమాల్ ముందు పందులు కట్టేసి ఉన్నాయి. కల్తాఫ్ మొహానికి ఎర్రరంగు పూసుకుని, జుట్టులో కోడి ఈక పెట్టుకుని నిలబడ్డాడు. చుట్టుపక్కల దీవుల పెద్దలు కూడా వచ్చారు. అప్పుడే పోలీసు పడవ ఒడ్డుకొచ్చింది. అందులోంచి ఒక ఆడపోలీసూ, ఇద్దరు మగపోలీసులూ దిగారు.

కలోరిబ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది నకమాల్ నేల. ఆడమనిషి అడుగుపెట్టకూడదు."

"పెట్టనులెండి పెద్దయ్యా," అందామె. "కల్తాఫ్‌ని ఇటు రమ్మనండి. ఇక్కణ్ణుంచే చదువుతాను. అందరికీ వినపడేలా చదువుతాను."

చదివింది. ఎక్కడ కొట్టాడో, దేంతో కొట్టాడో, ఎముక ఎలా విరిగిందో. ఇవాళే బట్టలు తీసుకుని ఇల్లు వదలాలని. కల్తాఫ్ మొదట నవ్వాడు. తరవాత చుట్టూ చూశాడు. పక్క దీవి పెద్దలు నేలచూపులు చూస్తున్నారు. చెమటకు రంగు కారి గడ్డం మీదికొచ్చింది. పొయ్యి దగ్గర ఆడవాళ్ల మధ్య లేపకోవా కనపడింది. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఏమే, ఇంతమందిలోనా?" అన్నాడు.

"ఇంతమంది కోసమే ఆగాను," అంది.

అతను గోతాంలో బట్టలు కుక్కుకుని ఊరి అవతల అక్క ఇంటికి పోయాడు. ఆ పదవికి మళ్లీ ఎవరూ అతని పేరెత్తలేదు.

తరిసాల్ ఆ సాయంత్రమే వచ్చాడు. "చేతులు కలిపి మాటిచ్చాను చెల్లీ. నా మాట పోయింది."

"నీ మాట పోయింది, నా పళ్లు పోయాయి. ఏది ముందు తిరిగొస్తుందో చూద్దాం అన్నయ్యా."

ఆ తరవాత అన్న ఆమెతో మాట్లాడలేదు. చర్చిలో ఆమె పక్క బెంచీ ఖాళీగా ఉండేది. ఒకటి రెండుసార్లు ఏడుపొచ్చింది, కానీ ఎవరి ముందూ ఏడవలేదు.

కల్తాఫ్ ఊరుకుంటే అంతటితో పోయేది. ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం బీరు తాగి కత్తితో వచ్చి, ఆమె లోపలుండగానే వంటింటి గుంజలు నరికాడు. ఆమె వెనక తడిక తోసుకుని పరుగెత్తింది. పక్కింటి ఆడవాళ్లు రోకళ్లు పట్టుకుని బయటికొచ్చారు. చర్చిలో ఆమె పక్కన కూర్చోనివాళ్లే. వాళ్లను చూసి కత్తి కింద పడేశాడు.

విలా కోర్టులో అతని తరఫు లాయరు, కుటుంబాలు ఆచారం ప్రకారం ఎప్పుడో రాజీపడ్డాయనీ, క్షమాపణగా పందినిచ్చారనీ చెప్పాడు. మేజిస్ట్రేటు లేపకోవాను అడిగాడు: "మరి క్షమించావా అమ్మా?"

"ఆ పందిని తిన్నవాళ్లనడగండయ్యా, వాళ్లు క్షమించే ఉంటారు. నాకు అప్పుడు దవడ కట్టేసుంది. ఒక్క ముక్కా తినలేదు."

కోర్టులో ఎవరో నవ్వి ఆపుకున్నారు. కల్తాఫ్ జైలుకెళ్లాడు. తీసుకుపోతుంటే చూడ్డానికి ఆమె గుమ్మం దగ్గరికెళ్లి నిలబడింది. ఆడవాళ్ల కేంద్రం నుంచి వచ్చినామె లేపకోవా చెయ్యి పట్టుకుని, "పోనీలే, ఇంక మనసు చల్లబడిందిగా," అంది.

"లేదక్కా. ఇప్పుడే రుచి తెలిసింది."

అప్పట్నుంచి దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పడవెక్కించి తీసుకెళ్లేది, కోర్టు వరండాలో పక్కన కూర్చునేది. దొడ్డమనసని ఎవరైనా మెచ్చుకుంటే ఒప్పుకునేది కాదు. "జాలితో కాదు. ఆర్డరు చదివేటప్పుడు వాళ్ల మొగుళ్ల మొహాలు చూడాలి నాకు." ఆ మాటకు పాస్టరు నొచ్చుకున్నాడు. ఆడవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు.

కల్తాఫ్ శిక్ష ముగించుకుని వచ్చి అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. దారిలో ఆమె ఎదురొస్తే ఆర్డరు తల్చుకుని కిందికి దిగి, ఇసకలో నడుస్తాడు. ఆ ఆర్డరు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. అతను ఇసకలోకి దిగడం కనపడగానే ఆమె నడక ఇంకాస్త నెమ్మదిస్తుంది.