ఖాళీ డబ్బా కురిసిన రాత్రి

రేపటి నుంచి నన్ను పిచ్చిదంటే అనుర్రి... ఇది జరిగింది. నాకే జరిగింది. స్వప్నా, నువ్వు అప్పుడే నవ్వకు.

మా నాచారం ల్యాబ్ తెలుసు గద. పునాది కింద ఇసుక ఎంత బరువు మోస్తదో చూస్తం. దానికోసం పెద్ద అద్దాల ట్యాంకుల ఇసుకను వానలెక్క కురిపించాలె. పైన పట్టాల మీద చిల్లుల డబ్బా ఉంటది, దాన్ని చేత్తోని అటు ఇటు జరుపుకుంట పోవాలె. ట్యాంకు నిండినంక... ఎవ్వరూ గట్టిగ నడవొద్దు. తలుపు దబ్బున వెయ్యొద్దు. నేల అదిరితే ఇసుక కుంగుతది, పనంతా మళ్ల మొదటికొస్తది. అందుకే చెప్పులు బయటనే ఇడుస్తం. అందుకే రాత్రి పని... పగలైతే ఉప్పల్ రోడ్డు లారీలకు నేల అదురుకుంటనే ఉంటది.

ఆడపిల్లకు రాత్రి డ్యూటీ ఎందుకని మా సీనియర్ రమేశన్న ఒకటే సణుగుడు. నేను కొట్లాడి తెచ్చుకున్న. ఆ రాత్రి మొదటిసారి ఒక్కదాన్నే. ట్యాంకు పాడైతే మళ్ల ఆఫీసుల కంప్యూటర్ ముందట కూసునుడే.

ట్యాంకు నింపిన. ఇసుకకు తగలకుండ అంచుల మీద ప్లాస్టిక్ షీట్ బిగించి కప్పిన. పైన డబ్బా ఖాళీ చేసి, దులిపి, తాళం ఏసిన. మూలకు కూసోని అన్నం గిన్నె మూత తీస్తున్న...

సర్ర్ర్...

చెయ్యి ఆగింది.

సర్ర్ర్... ఇసుక పడే సప్పుడు. నిద్రల గూడ గుర్తువడత నేను. డబ్బా కదులుతలేదు. తాళం ఏసినట్టే ఉన్నది. సప్పుడు మాత్రం... ఈ చివర నుంచి ఆ చివరకు పోతున్నది. చివర్ల జర ఆగుతది... మళ్ల ఎనక్కొస్తది. అచ్చం నేను జరిపినట్టే.

ఉరుకుదామనుకున్న. ఉరికితే నేల అదురుతది... ట్యాంకు పోతది. పొద్దుగాల రమేశన్న "నేను చెప్పలేదా" అంటడు. ఆ మాట యాదికొచ్చేసరికి భయం కంటె కోపం ఎక్కువొచ్చింది నాకు. గుసగుసగ అన్న...

"నువ్వెవరైతే నాకేంది. నా ట్యాంకు కదిలిందో, ఊకోను."

సప్పుడు ఆగింది. తరువాత... ఉత్త కాళ్ల అడుగులు. మెల్లగ... మునివేళ్ల మీద... తలుపు దాక. తలుపు మాత్రం తెరుచుకోలే.

తెల్లారేదాక అక్కడనే కూసున్న. అన్నం గూడ తిన్న. పొద్దుగాల రమేశన్న వచ్చి చూస్తే షీట్ మీద సన్నటి ఇసుక పొర. ఎక్కడా ఎత్తుపల్లం లేదు, నాకంటె సాఫ్‌గ పోసినట్టున్నది. షీట్ మీద ఎందుకు పోసినవని అడిగిండు. నేను పొయ్యలేదంటే నమ్మలే. కింద నా ఇసుక మాత్రం చెక్కుచెదరలే. టెస్టు మంచిగొచ్చింది, డ్యూటీ నాకే ఉన్నది.

ఎలుకలంటరా... డబ్బాల మిగిలిన ఇసుకంటరా... తాళంచెవి రాత్రంతా నా జేబులనే ఉండె. ఏమో, నాకూ తెల్వది. రేపు రాత్రి మళ్ల పోతున్న, వద్దనకుర్రి. అది వస్తే రానియ్యి... చెప్పులు మాత్రం బయటనే ఇడిసి రావాలె.