గాజులకండ్రిగ గుడిలో పిడికెడు బియ్యం

శనివారం ఉదయం ఏడు నలభైకి తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సెక్కినాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు మిషన్లోంచి సున్నా రూపాయల టికెట్టు తీసి చేతిలో పెట్టినాడు. ఆడవాళ్ళకు ఉచితమని తెలిసినా నాకు కొంచెం నిరాశగానే ఉండింది. మేం అంగడోళ్ళం. మా నాయనది పల్లెలో చిల్లరంగడి, నాది తిరుపతిలో స్టీలు సామాన్ల అంగడి. ధర చెప్పని వస్తువును ముట్టుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. సున్నాలో ఎంత తగ్గించమని అడగాల?

నేను పోతున్నది మా ఊరు గాజులకండ్రిగకు. పిచ్చాటూరు దాటి నాగలాపురం దారిలో పోతే వస్తుంది. అక్కడ మా గుడి ఉండాది. క్యాథలిక్కులం మేం చర్చిని గుడి అనీ, ఆదివారం ప్రార్థనను పూజ అనీ అంటాం. నా చిన్నప్పుడు ప్రతి ఆదివారం పూజ జరిగేది. తర్వాత మా బోటివాళ్ళంతా మద్రాసుకూ తిరుపతికీ చేరిపోయినాం. జనం పలచబడి పూజ నెలకొకసారి అయింది. ఏడాది కిందట వచ్చిన ఫాదర్ చిన్నప్ప పైవాళ్ళను బతిమాలి మళ్ళీ ప్రతివారం మొదలుపెట్టినాడు. పదిరోజుల ముందు నాకు ఫోన్ చేసినాడు.

"అమ్మా, వచ్చే వారం ఆదివారం బిషప్పు గారి మేత్రాసనం నుంచి పెద్ద ఫాదర్ గారు చూడను వస్తాండారు. గుడిలో జనం లేకపోతే మళ్ళీ నెలకొక పూజే. పిడికెడు బియ్యం తిరిగి మొదలుపెట్టినాం. పూజ అయినాక అందరికీ భోజనం. మీరు రావాల."

పిడికెడు బియ్యం అనే మాట విని ఎన్నేళ్ళయిందో. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఒక పిడికిలి వెనక్కు తీసి మట్టిముంతలో వేసేది. నెలకొకసారి ఇంటింటి ముంతా గుడిలో ఒకే కుప్పగా పోసి, ఒకే గుండిగలో వండి, అందరూ వరసగా కూర్చొని తినేవాళ్ళు. "గుడికి పోయేదే కదా, నూకలు వెయ్యి" అనేవాడు మా నాయన. "దేవుడు నూకలైనా తింటాడులే. పక్కన కూర్చునేవాళ్ళు తినొద్దా?" అనేది అమ్మ. వారమంతా మా అంగట్లో ధరల కోసం గొంతు చించుకున్నవాళ్ళు ఆ పూట మా నాయన ఆకు పక్కనే కూర్చుని సాంబారు అందించేవాళ్ళు.

బస్సులో అవతలి సీట్లో ఒకాయన కుడిచేతిని తువ్వాలలో వేలాడేసుకొని ఉన్నాడు. పుత్తూరు కట్టుకే పోతున్నారని వేరే చెప్పక్కరలేదు. ఎముక విరిగినవాళ్ళంతా ఈ బస్సులోనే పోతారు. ఆయన భార్యే మాట కలిపింది.

"నిచ్చెనెక్కి పడినాడక్కా. ఏం పని మీదో అడుగు. గోడ మీద బల్లిని తోలను!"

"బల్లి బాగుండాదా?" అన్నాను.

"దానికేం, ఆణ్ణే ఉండాది."

ఆయన మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఎనిమిది యాభైకి పుత్తూరు. బస్టాండు ఎదురు హోటల్లో రెండు ఇడ్లీ, ఒక వడ. నలభై రూపాయలు. ముప్పై అయిదుకు అడిగితే హోటలాయన నవ్వి ఇంకో గరిటె చట్నీ పోసినాడు. అంతటితో రాజీ అయినాం. తొమ్మిదిన్నరకు పిచ్చాటూరు మీదుగా నాగలాపురం పోయే పల్లెవెలుగు. సన్నగా ముసురు పట్టింది. పదిన్నరకు మా ఊరి స్టాపులో దిగినాను.

మా అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జి బంకు. దాని వెనక గుడి, కొత్తగా సున్నం కొట్టి తెల్లగా ఉండాది. ఫాదర్ షామియానా కోసం నాగలాపురం పోయినాడట. గుడి పక్క గదిలో ఆరోగ్యమ్మ అవ్వ చేటలో బియ్యం చెరుగుతా కూర్చొని ఉండాది. నా చిన్నప్పుడు కూడా గుడి వంట ఆమెదే. ఇప్పుడు ఎనభై దాటినాయి.

"రోజీ, నువ్వేనా? ఏమే, ఇంత లావైనావు! స్టీలు గిన్నెల్లో తింటే ఇట్లే అవుతుంది" అన్నది.

"అవ్వా, రేపు జనం వస్తారా?"

"మనోళ్ళు ఇరవై ఇండ్లు వస్తారు. శ్రీ సిటీ కంపెనీల్లో పనిచేసే పిల్లోళ్ళు ఉండారు, జార్ఖండ్ వాళ్ళు. మన మతమే. పోయిన నెల వచ్చి గుడి బయటే నిలబడి పూజ చూసి, తినకుండా పోయినారు. ఈసారన్నా లోపలికి వస్తే గుడి నిండుతుంది." చేట పక్కన పెట్టింది. "నిండకపోతే నెలకొక పూజ. నేను నెలలో యా వారం సస్తానో నాకేం తెలుసు? ఫాదర్ సామి లేకుండా పూడ్సిపెడతారు నన్ను."

నవ్వుతానే అని మళ్ళీ చేట అందుకుంది.

ప్లాస్టిక్ డ్రమ్ములో ఇరవై కిలోల దాకా బియ్యం. చెయ్యి పెట్టి తీసి చూసినాను. నా అంగడి బుద్ధి ఒక్కసారి లేచి కూర్చుంది. రేషను స్టోరు బియ్యం, సోనామసూరి, ఉప్పుడు బియ్యం, ఎవరో పోసిన ఎర్రబియ్యం కూడా, అన్నీ కలగాపులగం. ఇది వండితే ఒకటి మెత్తనై ముద్దవుతుంది, ఒకటి పలుకుగా మిగులుతుంది. పెద్ద ఫాదర్ ముందర, పరాయి రాష్ట్రం పిల్లల ముందర ఇది పెడతామా? మళ్ళీ వస్తారా వాళ్ళు?

అవ్వ పెట్టిన పులుసన్నం తిన్నాను. ఒంటిగంటకు ఆమె గోడకు ఆనుకొని కునుకు తీసింది. నేను ఆటో పిలిచి, బియ్యం మూట కట్టించి పిచ్చాటూరు బయల్దేరినాను. ఎవరినీ అడగలేదు. మంచి పనికి అడిగేదేముంది అనుకున్నాను.

పిచ్చాటూరు బజారులో బాషా భాయ్ బియ్యం అంగడి. ఆయన గుప్పెడు తీసి ఊది చూసినాడు.

"ఇది కోళ్ళకు తప్ప దేనికీ రాదమ్మా. ఎనిమిది కిలోల సోనా ఇస్తా."

"కోళ్ళంటే మాటలా భాయ్? కోడిగుడ్డు ధర తెలుసా నీకు? పద్నాలుగు ఇయ్యి."

ముప్పావుగంట పట్టింది. రెండుసార్లు మెట్లు దిగి వెళ్ళిపోయినట్టు నటించినాను. ఒకసారి ఆయన గల్లాపెట్టెకు తాళం వేసినట్టు నటించినాడు. పదకొండు కిలోలకు తెగింది. మల్లెపూవు లాంటి సోనామసూరి. తిరిగొస్తుంటే మా నాయన ఉంటే భుజం తట్టేవాడు కదా అనిపించింది.

మూడున్నరకు గుడి దగ్గర మూట దించినాను. అవ్వ లేచి డ్రమ్ములోకి వంగి చూస్తాంది.

"బియ్యం యాడ?"

చెప్పినాను. ఎనిమిది నుంచి పదకొండుకు ఎట్లా లాగినానో అది కూడా చెప్పినాను. ఆమె మూట విప్పి గుప్పెడు తీసి చూసింది.

"బాగుండాది బియ్యం," అన్నది. "ఎవరిదిది?"

"ఎవరిదంటే, మనదే."

"మనదెట్లా అవుతుందే? బాషా అంగడిది. ఎర్రబియ్యం చూసినావా డ్రమ్ములో? పోయిన నెల ఆ పిల్లోళ్ళు బయట నిలబడినప్పుడు ఒక బిడ్డ నన్ను సైగ చేసి అడిగింది, ఆ డ్రమ్ము ఏమిటని. నేను పిడికిలి పట్టి చూపించినా. ఆ బిడ్డ ఏడ్చింది. వాళ్ళ ఊర్లో కూడా అమ్మలు గుడికి పిడికెడే తీస్తారంట, ఫాదర్ అడిగి చెప్పినాడు. ఆ ఎర్రబియ్యం మొన్న వారం వాళ్ళ హాస్టలు నుంచి పాలకవర్లో కట్టి పంపించినారు, ఊరి నుంచి తెచ్చుకున్నది. రేపు వాళ్ళు లోపలికొచ్చి కూర్చుంటే వాళ్ళ బియ్యం ఏమైందని చెప్పాల? కోళ్ళకేసినామనా?"

సోనా మూటతో మళ్ళీ ఆటో ఎక్కినాను.

నాలుగుంబావుకు పోయేసరికి అంగడి ముందర ఒక కోళ్ళఫారం ఆయన గోతం పట్టుకొని నిలబడి ఉన్నాడు. భాయ్ మా బియ్యం అందులో పోయను చాట ఎత్తినాడు.

"ఆపు భాయ్! మా బియ్యం మాకు ఇచ్చెయ్యి."

"మధ్యాన్నం ఇది చెత్త అని నేనంటే నువ్వూ లోపల ఒప్పుకుంటివి. ఇప్పుడు బంగారమైందా? సరే, ఈయనకు మాటిచ్చినా. సోనా తిరిగియ్యి, మీద రెండు వందలు ఇయ్యి."

పర్సు తీసి రెండు వందలూ గల్లా మీద పెట్టినాను. భాయ్ నోట్ల వైపు, నా వైపు మార్చి మార్చి చూసినాడు.

"ఏందమ్మా ఇది? బేరమాడవా?"

"ఆడను."

"ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాది. ఇది మా గుడి బియ్యం. అమ్మకూడనిది అమ్మినాను."

ఆయన ఒక వంద వెనక్కు తోసినాడు. కాసేపటికి ఇంకో యాభై తోసినాడు. "ఊరికే అడిగింది ఇచ్చేస్తే నిద్ర పట్టదు నాకు," అన్నాడు. నా జీవితంలో నేను నోరు తెరవకుండా ధర తగ్గింది ఆ ఒక్కసారే.

ఆ రాత్రి గుడి పక్క గదిలోనే చాప వేసుకున్నాం. లాడ్జి కావాలంటే పుత్తూరుకో నాగలాపురానికో పోవాల. మీరెవరైనా పోయేటట్టుంటే, ఫాదర్‌ను ముందుగా అడిగితే గదిలో చోటిస్తాడు. దుప్పటి మాత్రం మీరే తెచ్చుకోవాల.

ఆదివారం అయిదింటికే అవ్వ పొయ్యి వెలిగించింది. కలిసిన బియ్యం వండడం ఎట్లాగో అప్పుడు చూసినాను. రాత్రే బియ్యం నీళ్ళలో నానేసింది. పెద్ద గుండిగలో పెసరపప్పుతో, సన్న సెగ మీద, రెండున్నర గంటలు. గట్టి బియ్యం ఉడికేదాకా మెత్తబియ్యం ఆగాల. "ముద్ద కానీ, పొంగలికి అదే అందం," అన్నది. నిన్న నేను భయపడిందే ఆమె వంటకం.

ఎనిమిదింబావుకు పెద్ద ఫాదర్ గారి కారు వచ్చింది. ఎనిమిదిన్నరకు గంట కొట్టినారు. గుడిలో మా ఊరివాళ్ళు అరవై మంది లోపే. సగం గుడి ఖాళీ. బయట వాన. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. ఫాదర్ చిన్నప్ప గుమ్మం వైపు చూసినాడు. ఎనిమిదీ నలభై అయిదు. పూజ మొదలైంది.

బైబిలు మొదటి పఠనం నడుస్తుండగా బయట వ్యాను ఆగిన చప్పుడు, వెనకే రెండు ఆటోలు. తడిసిన చెప్పులు విడిచి నలభై మంది ఆడపిల్లలూ మొగపిల్లలూ గుమ్మం దగ్గర నిలబడిపోయినారు, పోయిన నెల మాదిరే. ఎవరూ లోపలికి రాలేదు. అవ్వ మెల్లగా లేచి గుమ్మం దాకా పోయింది. వాళ్ళ భాష రాదు. ముందున్న అమ్మాయి మణికట్టు పట్టుకొని తీసుకొచ్చి తన పక్కనే చాప మీద కూర్చోబెట్టింది. మిగతావాళ్ళు వెనకే వచ్చినారు. కానుకల వేళ వాళ్ళ భాషలో ఒక పాట పాడినారు. మాటలు అర్థం కాలేదు కానీ మా ముసలాళ్ళు తాళం వేసినారు.

పూజ అయినాక షామియానా కింద విస్తళ్ళు. మా మతం కాని ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చున్నారు. నేను పొంగలి వడ్డిస్తున్నాను. అవ్వ పట్టుకొచ్చిన అమ్మాయి పేరు అంజలి. రెండు ముద్దలు తిని ఆగిపోయింది. పొంగలిలోంచి ఒక గింజను గోటితో తీసి వెలుతురుకు పెట్టి చూసింది. ఎర్రగింజ.

"యే హమారా హై," అన్నది పక్క పిల్లతో. ఇది మాది అని. ఆ పిల్ల కూడా తన ఆకులో వెతికింది. వరసంతా తలలు వంచి వెతుకుతున్నారు. ఒకడు మూడు గింజలు దొరికినాయని గెలిచినట్టు చెయ్యెత్తినాడు.

నేను గరిటె పట్టుకొని అట్లే నిలబడినాను. నా సోనామసూరిలో వాళ్ళకేం దొరికేది?

తినడం అయినాక అవ్వ పెద్ద ఫాదర్ గారి ముందర నిలబడింది.

"సామీ, వచ్చే వారం పూజ ఉండాదా?"

"ఉండాది అవ్వా. క్రిస్మసు దాకా ప్రతి ఆదివారం. ఆ తర్వాత చూద్దాం."

"క్రిస్మసుకు ఎట్లా అయినా అందరూ వస్తారు. అదీ ఒక లెక్కా? పాస్కా దాకా ఇయ్యి సామీ." ఈస్టరును మేం పాస్కా అంటాం.

"పాస్కా అంటే చాలా దూరమవ్వా..."

"నా కంటే నీకు దూరమా?"

ఆయన నవ్వేసి, "సరే, పాస్కా దాకా," అన్నాడు. నేను నలభై ఏళ్ళుగా అంగట్లో కూర్చుంటున్నాను. ఇంత తక్కువ మాటల్లో ఇంత పెద్ద బేరం తెగడం చూడలేదు.

మూడుంబావు బస్సుకు బయల్దేరినాను. అవ్వ ఒక స్టీలు క్యారియరు చేతిలో పెట్టింది. ఎప్పుడో మా అంగట్లో కొన్నదేనంట. "మూత సరిగ్గా పట్టదు. మంచిదని అంటగట్టినావు," అన్నది. వచ్చే నెల మొదటి ఆదివారం తిరిగి తెచ్చిస్తానన్నాను. పోవాలనుకునేవాళ్ళకు చెబుతున్నాను: శనివారమే తిరుపతి నుంచి ఏడు నలభై బస్సు పట్టుకుంటే చాలు. డబ్బులు కాదు, మీ ఇంటి బియ్యం తీసుకుపొండి. ఏ రకమైనా ఫరవాలేదు.

పుత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు కోసం అరగంట కూర్చున్నాను. ఆకలేసి క్యారియరు మూత తీసినాను. పొంగలి చల్లారి గట్టిపడి ఉండాది. రెండో ముద్దలో ఒక ఉప్పుడు బియ్యం గింజ పంటి కింద పలుకుగా తగిలింది. ఎవరింటి పిడికిలో తెలియలేదు. నిదానంగా నమిలి మింగినాను.