పళ్ల మధ్య లేని గుండుసూదులు

2024 ఎండాకాలం. కొత్తగూడెంలోని ఒక ప్రైవేటు దవాఖానాలో నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. తలకు చిన్న వైర్లు అతికించి, మెదడులో పుట్టే విద్యుత్తు అలలను స్క్రీన్ మీద గీతలుగా పట్టడం నా పని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పనిలో ఏది కొత్తగా తెలిసినా సాయంత్రానికల్లా ఇంట్లో చెప్పేయాల్సిందే.

అప్పుడు కొత్తగా తెలిసింది ఫ్రాక్టల్ సంగతి. అమ్మ కాలీఫ్లవర్ తరుగుతుంటే ఒక రెమ్మ విరిచి చూపించాను.

"చూడమ్మా, ముక్క గూడ మొత్తం పువ్వు లెక్కనే ఉంది. ఊరికె ఉన్నప్పుడు మెదడు అలలు గూడ గిట్లనే ఉంటయట. పెద్ద అల లోపట అసొంటియే చిన్నయి."

"మంచిదే గని, ఆ ముక్క ఇటియ్యి. కూర గావాలె."

ఆ అలల అల్లిక ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని ఫ్రాక్టల్ డైమెన్షన్ అంటారు. మూర్ఛలో, మతిమరుపు జబ్బులో, మత్తుమందు ఇచ్చినప్పుడు ఆ అంకె ఎలా మారుతుందో పరిశోధకులు చూస్తున్నారు. దానొక్కదానితో జబ్బు తేల్చరు. మా న్యూరాలజిస్టు మేడమ్ కూడా గీతలు చదివాకే దాని వైపు చూసేవారు.

బూర్గంపాడు నుంచి ఖాసిం చాచా అప్పుడే వచ్చాడు. టైలర్. గుడ్డ కత్తిరిస్తూ మధ్యలో ఆగిపోతాడు. పిలిచినా పలకడు. తర్వాత ఏమీ గుర్తుండదు. ముసలితనపు మతిమరుపనుకుని కూతురు రజియా కత్తెర దాచేసింది.

"కత్తెర లేకుంటె నేనేం టైలర్‌ని బేటీ? మతి ఉందో పోయిందో తేల్చు," అన్నాడు చాచా నాతో.

"ఒక అంగీకి ఒక్క చెయ్యే కుట్టిండు మేడమ్," అంది రజియా నా వైపు తిరిగి.

"ఆ రోజు కరెంటు పోయింది."

"కరెంటు పోతె చెయ్యి పోతదా అబ్బాజాన్?"

వైర్లు పెట్టి, "కదలకుంట, కండ్లు మూసుకొని ఊరికె పండుకో చాచా" అన్నాను. గీతలు గడ్డిపొదలా వచ్చాయి. అంకె మరీ ఎక్కువ చూపించింది. వైర్లు సరిచేసినా అంతే. ఆ రికార్డింగ్ ఎందుకూ పనికిరాదు, కత్తెర సంగతి తేలదు. చివరికి స్క్రీన్ వదిలి ఆయన ముఖం చూశాను. దవడ బిగుసుకుని ఉంది.

"చాచా, నోట్ల ఏమన్న ఉందా?"

"ఏం లేదు. కదలొద్దన్నవ్ గద. గుండుసూదులు పంటికింద పట్టుకుంటె గిట్లనే కదలకుంట ఉంట."

లేని సూదులను పట్టుకున్న దవడ కండరాల అలజడే మెదడు గీతల్లో కలిసిపోతోంది.

"సూదులన్ని డబ్బాల పెట్టేసినవ్ అనుకో. ఇగ పనేం లేదు."

దవడ వదులైంది. గడ్డిపొద విడిపోయింది. కాసేపటికి ఎడమ కణత దగ్గరి గీతల్లో పదునైన మొనలు లేచాయి. వాటిని స్పైక్స్ అంటాం. మేడమ్ అవి చూసి, రజియా చెప్పిందంతా విని, ఇది మతిమరుపు జబ్బు కాదు, ఒళ్లు కొట్టుకోని రకం మూర్ఛ, మాత్రలకు లొంగుతుంది అన్నారు.

అప్పటి నుంచి వైర్లు పెట్టేముందు ప్రతి ఒక్కరినీ ఏం పని చేస్తారని అడుగుతున్నాను. ఊరికే ఉండడం ఒక్కొక్కరికీ ఒక్కో తీరు.

ఆగిపోవడాలు తగ్గాక, మేడమ్ ఒప్పుకున్నాకే రజియా కత్తెర తిరిగిచ్చింది. సూదులు మాత్రం నోట్లో పెట్టొద్దన్నారు. తర్వాతిసారి వచ్చినప్పుడు చాచా నా తెల్లకోటు చెయ్యి పట్టుకుని, "పొడుగైంది, ఆగు" అంటూ మడతకు సూదులు గుచ్చాడు. సూదులు మణికట్టుకు కట్టుకున్న చిన్న దిండులోంచి తీస్తున్నాడు. దవడ మాత్రం బిగుసుకునే ఉంది.

ఈసారి వదులు చెయ్యమనలేదు. చాచా పనిలో ఉన్నాడు.