రాయికి ఆయాసం రాదు

నా చిన్నప్పుడు ఒక్క కరువేడు మా ఇంటి నుంచి పట్టుకుపోయినవి మూడు: ఎకరంన్నర మిరప తోట, జత ఎడ్లలో ఒకటి, మోకాలి కింద నుంచి నాన్న కుడికాలు. నాలుగోది నాన్నే కావాల్సింది. ఆయన ఎలా మిగిలాడో ఇన్నేళ్లుగా లెక్క వేస్తున్నాను.

మిగిలిన అరెకరం కాయైనా దక్కుతుందని నాన్న చేలోని బావిలో పూడిక తీయడానికి దిగాడు. లోతు పన్నెండు మీటర్లు. మధ్యాహ్నం గోడలోంచి బండరాయి ఊడి ఆయన కాలి మీద పడింది. పైన ఉన్నది అమ్మా, నేనూ. గోడ మట్టి రాలుతూనే ఉంది. నాన్న ఎలాగో కాలు బయటికి లాక్కుని, మోకు నడుముకు కట్టుకుని, "లాగండర్రా!" అని అరిచాడు.

గిలక మీదుగా లాగాం. సగం దూరం వచ్చాక ఇక కదల్లేదు. పట్టుకుని నిలబడ్డాం. చెమట కారింది, నాన్న మాత్రం జానెడు కూడా పైకి రాలేదు. అమ్మ అరచేతులు చీరుకుపోయి మోకు జారింది. మేం ఎక్కించిన ఎత్తంతా వేగమై కిందికి పోతోంది.

మా కేకలకు పరుగెత్తుకొచ్చిన పక్కచేని అత్త మోకు కొసను గట్టు మీది రాతి స్తంభానికి రెండు చుట్లు తిప్పేసింది. మూడు మీటర్లు జారి నాన్న ఆగాడు. కమిలిన పీచు వాసన. చెయ్యి వేస్తే రాయి కాలింది. ఆ వేగం ఎక్కడికి పోయిందో నా వేళ్లకు అప్పుడే తెలిసింది.

"పట్టుకుని నిలబడితే పనైపోద్దా వదినా? పట్టుకోడానికి రాయుంది, దానికి ఆయాసం రాదు. మనం లాగుదాం పట్టు. ఒసే పిల్లా, వచ్చినకాడికి చుట్టి బిగించు!"

వాళ్లిద్దరూ ఒక్క ఊపున లాగేవారు. వచ్చిన జానెడు మళ్లీ పోకుండా నేను బిగించేదాన్ని. అమ్మ ఏడుస్తూనే లాగింది. నాన్నను గట్టున పడుకోబెట్టిన కాసేపటికి బావి గోడ లోపలికి కూలింది.

బడి మానేశాక పాత పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాను: బరువు పైకి కదిలితేనే పని, దాన్ని కొలిచేది జౌళ్లలో. కదలని బరువును మోసిన బాధకు ఆ లెక్కలో చోటు లేదు. ఇప్పటికీ కష్టం వస్తే, లాగుతున్నానా, ఊరికే పట్టుకుని వేలాడుతున్నానా అని చూసుకుంటాను.

కరువుకు చిక్కిపోయిన నాన్న బరువు యాభై కిలోలు. అత్త వచ్చాక ఎక్కాల్సిన ఎత్తు తొమ్మిది మీటర్లు. భూమి ఆకర్షణ 9.8తో గుణించి, గిలక తిన్నది వదిలేసి, అమ్మ సగం తీసేస్తే, పోయినేడు కన్నుమూసిన అత్తకు నేనింకా బాకీ: రెండువేల రెండువందల ఐదు జౌళ్ల పని.